నీళ్ళు తగలని కంబళి

దుప్పట్లను మూడు కుప్పలుగా విడదీస్తోంది ఫ్లోరెన్స్. చెమటవీ, టీ ఒలికినవీ, సెలైన్ కారినవీ ఒక కుప్ప. నెత్తురు మరకలవి ఒక కుప్ప. మూడో కుప్పకి ఆ ఆస్పత్రిలో పేరు లేదు. అందరూ "అవి" అంటారు. నర్సమ్మలు మాస్కు ముక్కు మీదికి లాక్కుని "అవి ముందు తీసెయ్యమ్మా" అంటారు. వార్డుబాయిలు రెండు వేళ్ళతో పట్టుకొచ్చి గుమ్మంలో నుంచే విసిరేసి పోతారు. ఫ్లోరెన్స్ మాత్రం వాటిని చేత్తో విప్పి, నేలమీద పరిచి, మరక ఎంత మేర పాకిందో చూసి, కుళాయి కింద పెట్టి, పాత బ్రష్షుతో అంచుల నుంచి లోపలికి తోసి, అప్పుడు మెషీన్లో వేస్తుంది. నందిగామలో ఈ పని చెయ్యబట్టి ముప్ఫై ఆరేళ్ళయింది.

అరవై ఒకటో ఏడు నడుస్తోంది ఆమెకి. పొట్టి మనిషి, కాస్త వంగిన నడుము. చీర మీద నీలం కోటు, దాని జేబులు రెండూ చిరిగి వేలాడుతుంటాయి. ఊరందరి దుప్పట్లూ కుడుతుంది కానీ ఆ జేబులు కుట్టుకోవాలని ఏనాడూ అనిపించలేదు. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నాని, తెల్లబడి, ముడతలు పడి ఉంటాయి. ఆధార్‌కి వేలిముద్రలు పడక ఆమెని మూడుసార్లు తిప్పారు. ఈ శనివారం పొద్దున ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా లాగుతోంది. తడి దుప్పట్లు ఎత్తీ ఎత్తీ వచ్చే నొప్పేలే అనుకుని, కాస్త కొబ్బరినూనె రాసుకుని డ్యూటీకి వచ్చేసింది.

మరకలు చదవడమే ఆమె చదివిన చదువు. ఇది ఆపరేషన్‌దా, కాన్పుదా, విరేచనాలవాడిదా అని గది అవతల నుంచే చెప్పేస్తుంది. నెత్తురు ఆరితే బిరుసెక్కుతుంది, నట్టనడుమ నల్లబడుతుంది. దానికి చన్నీళ్ళే పొయ్యాలి. వేడినీళ్ళు తగిలాయా, ఇక జన్మలో వదలదు. "అవి" అలా కాదు. నడుమ పల్చగా ఉండి చుట్టూ అంచు కడతాయి, గోడకి చెమ్మ దిగి ఆరితే పడే గీతలాగా. ఎన్నేళ్ళయినా ఆ అంచు పోదు, చూసేవాళ్ళకి తెలిసిపోతూనే ఉంటుంది.

ఇంత చేసే మనిషికి రోత ఉండదనుకుంటారు అందరూ. ఎందుకుండదు, బోలెడంత ఉంది. కాకపోతే మంచం మీద మనిషి విడిచింది ఆమెకి ఎప్పుడూ రోత కాలేదు. కడిగితే పోయేదాని మీద రోతేమిటి? ఆమె రోతంతా మనుషుల నోటి నుంచి వచ్చేదాని మీద. ముఖ్యంగా వరప్రసాదరావు నోటి నుంచి వచ్చేదాని మీద.

వరప్రసాదరావు ఆమె అన్న. జగ్గయ్యపేటలో హెడ్మాస్టరుగా రిటైరయ్యాడు. పెద్ద ఇల్లు, గేటు పక్కన నేమ్‌ప్లేటు, ఏ సభ జరిగినా ముందు వరసలో కుర్చీ. చెల్లెలు ఆ ఇంటికి వెళితే వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ వస్తుంది, ఆమెకి పేపరు కప్పులో వస్తుంది. "హాస్పిటల్ నుంచి వస్తావు కదే, ఇన్ఫెక్షన్లు అవీ ఉంటాయి" అంటాడు అన్న, ఎంతో శాస్త్రం తెలిసినవాడిలా. ఆమె వండిన కూర అతను ముట్టి ముప్ఫై ఆరేళ్ళయింది. పల్లెలో తమ తాతకి ఊరివాళ్ళు కొబ్బరిచిప్పలో టీ పోసేవాళ్ళని మీటింగుల్లో కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పేదీ ఈ మనిషే. ఆ పేపరు కప్పు చేతికొచ్చిన ప్రతిసారీ టీ గొంతు దిగదు ఆమెకి. తాగకపోతే తిరిగి అదొక మాట. తాగి, కప్పు నలిపి, తనే వీధిలోకి వెళ్ళి పారేసి వస్తుంది.

దుప్పట్ల గది మూల, కుట్టుమిషను పక్కన జిప్పు సంచి ఒకటి ఉంది. నిన్న సాయంత్రం అన్న కొడుకు వెస్లీ కారులో తెచ్చి ఇచ్చి పోయాడు.

"అంచంతా పురుగు కొట్టేసిందత్తా. కొంచెం కుట్టిపెట్టు, రేపు సాయంత్రం వచ్చి నీ ఇంటి దగ్గర తీసుకుంటాం. ఆదివారం చర్చిలో మా బాబుకి చుట్టి ప్రార్థన చేసి, అక్కడే ఫ్రేములో పెట్టేస్తారు. అద్దం, లోపల లైటు, అంతా రెడీ. మళ్ళీ తీసేది ఉండదు, సీలేస్తారు."

"సరే నాన్నా."

"నీళ్ళు మాత్రం తగలనియ్యమాక. నాన్న మరీ మరీ చెప్పమన్నాడు."

ఆ సంచిలో ఉన్నది బూడిదరంగు ఉన్ని కంబళి. వాళ్ళ నాన్న ప్రేమదాసు రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళి, వత్సవాయి దగ్గర తమ పల్లెకి తిరిగొస్తూ తెచ్చింది. దగ్గర దగ్గర ఎనభై ఏళ్ళు. ఇన్నేళ్ళలో దానికి ఒక్కసారి కూడా నీళ్ళు తగల్లేదు.

కంబళి నడిమధ్య అన్నం పళ్ళెమంత మరక ఉంది. ఆ మరకే ఆ ఇంటి కీర్తి. ఇటలీలో కొండ మీద యుద్ధం జరుగుతుంటే, సిపాయి ప్రేమదాసు గాయపడిన పోలండు ఆఫీసరుని భుజాన వేసుకుని, తుపాకీగుళ్ళ మధ్య మూడు మైళ్ళు మోసుకొచ్చాడు. ఆ ఆఫీసరు ఈ కంబళిలోనే ప్రాణం విడిచాడు. మరక ఆయన నెత్తురు. ఇదీ కథ. ఫ్లోరెన్స్ చిన్నతనంలో ఒక మైలే ఉండేది. అన్న టీచరయ్యాక రెండయింది, హెడ్మాస్టరయ్యాక మూడయింది. చచ్చిపోయినవాడు కూడా మొదట్లో మామూలు సోల్జరే. ప్రమోషన్లన్నీ జగ్గయ్యపేటలోనే వచ్చాయి.

ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టినా తొలి నెలలోనే ఆ కంబళిలో చుట్టాల్సిందే. వీరుడి నెత్తురు తగిలితే బిడ్డకి గుండెధైర్యం వస్తుందట. అలా పదిహేడుమంది పసిపిల్లలు అందులో పడుకున్నారు. ఏ బిడ్డ ఏం చేసిందో ఆ కంబళికే ఎరుక. నెత్తురు కడక్కూడదని నాయనమ్మ ఎప్పుడో అన్న మాట శాసనమైపోయింది. జిప్పు తీస్తే చాలు, కలరా ఉండలూ, ఎండిన వేపాకూ, పాత ఉచ్చా, పులిసిన పాలూ, ఎనభై ఏళ్ళ మనుషుల చెమటా కలిసిన కంపు గుప్పుమంటుంది. ముప్ఫై ఆరేళ్ళు "అవి" ఉతికిన ఫ్లోరెన్స్ కూడా తల పక్కకి తిప్పుకుంటుంది. తన కూతురు కృపాజ్యోతి పుట్టినప్పుడు మాత్రం ఆమె చుట్టనివ్వలేదు. దానికి అన్న రెండేళ్ళు మాట మానేశాడు.

వెస్లీ కొడుకుని, అంటే అన్న మనవణ్ణి, ఆమె ఇంకా ఎత్తుకోలేదు. పుట్టి మూడు వారాలు. చూడ్డానికి వెళితే గుమ్మంలో నుంచి చూపించారు. వెస్లీ భార్య క్రిస్టీ మాత్రం మంచిపిల్ల, ఫోనులో మెల్లిగా చెప్పింది. "ఆదివారం చర్చిలో నీ చేతికిస్తాలే అత్తా. అక్కడ మావయ్య ఏమీ అనలేడు." ఆ మాట పట్టుకుని ఆమె వారం రోజులుగా బతుకుతోంది. కొత్త చీర ఇస్త్రీ చేయించి పెట్టుకుంది.

పది గంటలకి వార్డు ఆయా సౌభాగ్యమ్మ ఉప్మా పొట్లాలు పట్టుకుని వచ్చింది. ఇద్దరూ మెషీన్ పక్కన బల్ల మీద కూర్చున్నారు. సౌభాగ్యమ్మ ఫోను తీసి ముందు పెట్టింది.

"మీ అన్నయ్య వీడియో చూసావా వదినా? మా వార్డంతా చూసారు. మీ నాన్న అంత మొనగాడని ఎప్పుడూ చెప్పలేదే."

వెస్లీ తీసిన వీడియో అది. వరప్రసాదరావు తెల్ల చొక్కా వేసుకుని సోఫాలో కూర్చున్నాడు. వెనక ఎక్కడిదో ఫిరంగి మోతలు పెట్టారు. "మా తండ్రిగారు, యుద్ధవీరుడు" అంటూ మొదలుపెట్టాడు. ఈసారి మైళ్ళు నాలుగయ్యాయి. ఆఫీసరు పోతూ పోతూ ప్రేమదాసుకి సెల్యూట్ కూడా చేశాడు. చివర్లో వరప్రసాదరావు కంబళిని రెండు చేతులతో పైకెత్తి, కళ్ళు మూసుకుని, మరక నట్టనడుమ ముద్దు పెట్టాడు. పెదాలు ఆన్చి కాసేపు అలానే ఉంచాడు.

ఫ్లోరెన్స్ ఫోను మీంచి చూపు తిప్పుకుంది. ఉప్మా పొట్లం మడిచి పక్కన పెట్టేసింది.

"నాన్నంటే ఎంత ప్రేమో చూడు మీ అన్నయ్యకి" అంది సౌభాగ్యమ్మ.

"ఊఁ. చాలా ప్రేమ."

"నీ మొహం అదోలా ఉందేంటి వదినా? చెమటలు పడుతున్నాయి."

"పొద్దున సరిగ్గా తినలేదులే. హాఫ్‌డే పెట్టి ఇంటికి పోతా. సిస్టరుకి చెప్పు."

సౌభాగ్యమ్మ వెళ్ళాక ఆమె తలుపు దగ్గరగా వేసి, కంబళి తీసి మిషను మీద పరిచింది. మరక మీద అరచెయ్యి పెట్టి చూసింది. బిరుసు లేదు. నడుమ పల్చన. చుట్టూ గోధుమరంగు అంచు, ఎవరో గీసినట్టు. ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా చెప్పవలసిన మనిషి ఎప్పుడో చెప్పాడు.

ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆదివారం అన్న పల్లెకి వచ్చి నానా యాగీ చేశాడు. యుద్ధవీరుడి కూతురు దొడ్డిగుడ్డలు ఉతుకుతుందా, స్టాఫ్‌రూములో తలెత్తుకోగలనా అని. ప్రేమదాసు నులకమంచం మీద కూర్చుని అంతా విన్నాడు. కొడుకు బస్సెక్కాక కూతుర్ని బోరింగు దగ్గరికి పిలిచాడు. అప్పటికి ఆయనకి అరవై ఏడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, నేలమీదికి చూస్తూ చెప్పాడు.

"నేను తుపాకీ ముట్టలేదమ్మాయ్. పేరు రాసుకునేటప్పుడు మీ నాయన ఏం పని చేస్తాడని అడిగారు. ఊరు ఊడుస్తాడని చెప్పా. అదే రాసుకున్నారు. మిలిటరీ ఆస్పత్రిలో స్వీపరుగా వేసారు. నువ్విప్పుడు చేసే పనే నేను మూడేళ్ళు చేసా."

ఆ గుడారాల ఆస్పత్రిలో పోలండు సిపాయిలు చాలామంది ఉండేవాళ్ళట. వాళ్ళలో యానెక్ అని ఇరవై కూడా నిండని పిల్లవాడు. కాలికి గాయం, పైగా జిగట విరేచనాలు. రోజుకి ఇరవైసార్లు. ప్రేమదాసు కడిగిన ప్రతిసారీ ఆ పిల్లవాడు రెండు చేతులతో మొహం కప్పుకునేవాడు.

"వాడికి నొప్పి కంటే సిగ్గెక్కువ. నేను కడుగుతా, పర్లేదు బాబూ, పర్లేదు అనేవాణ్ణి. వాడి భాష నాకు రాదు, నాది వాడికి రాదు. వారం తిరిగేసరికి, నేను కడిగే బేసిను పట్టుకుని కనపడగానే వాడే పర్లేదు అనేవాడు, నాకేదో ధైర్యం చెప్తున్నట్టు. రొట్టెలో సగం విరిచి నాకు దాచేవాడు. ఆ చేతులతో తింటావా అని మనవాళ్ళే అడిగారు గానీ వాడు అడగలేదు."

చలికాలం తెల్లవారుజామున పోయాడు యానెక్. పోయేముందు కూడా పక్క పాడుచేసుకున్నాడు. మొహం కప్పుకోవడానికి చేతులు లేవలేదు. ప్రేమదాసు వైపు చూసి "పర్లేదు" అని, కాసేపటికి పోయాడు. ఆ రోగం వాళ్ళ కంబళ్ళు కాల్చెయ్యాలని ఆర్డరు. ప్రేమదాసుకి దాన్ని మంటల్లో వెయ్యబుద్ధి కాలేదు. ఉతికి, పోలండు వాళ్ళెవరి చేతనైనా ఆ పిల్లవాడి తల్లికి పంపుదామనుకున్నాడు. ఆ మధ్యాహ్నమే ఆస్పత్రి ఎత్తేసి ఇంకో చోటికి కదిలించారు. కంబళి చుట్ట చుట్టి సంచి అడుగున పడేశాడు. తర్వాత విప్పడానికి మనసొప్పలేదు.

"యుద్ధం అయిపోయిన రోజు అందరూ గంతులేసారు. ఈ పోలండు వాళ్ళు మాత్రం గుడారాల ముందు కూలబడి నేలచూపులు చూసారు. వాళ్ళ ఊళ్ళు రష్యా వాళ్ళకి పోయినయ్యంట. యానెక్ పక్క మంచం వాడు పుల్లతో బురదలో ఊరు గీసాడు. ఇదిగో ఏరు, ఇదిగో ఇల్లు అని చూపిచ్చి, బూటుతో చెరిపేసాడు. ఇంక నేను ఎవరి చేత పంపాలి, ఎక్కడికి పంపాలి? ఇంటికి తెచ్చుకున్నా."

పల్లెకి వచ్చిన రోజున ప్రేమదాసు తల్లి సంచి విప్పింది. కంబళి దులిపి, మరక చూసి, నెత్తురా అయ్యా అని అడిగింది. చుట్టూ పల్లెంతా మూగి ఉంది.

"ఏమని చెప్పను? నా ఒక్కడి ముందే అంత సిగ్గుపడ్డ పిల్లోణ్ణి ఊరందరి ముందు ఎట్టా నిలబెడతా? ఊఁ అన్నా. ఆ ఒక్క ఊఁ ఇంత పని చేసింది. దాన్ని ఉతికెయ్ అమ్మాయ్. నేను పోయాకైనా సరే. ఎవరికీ చెప్పమాక, వాడి పరువు తియ్యమాక. ఉతికెయ్, అంతే. నీకు చేతనవుద్ది."

ఉతుకుతా నాన్నా అంది ఆమె. తొమ్మిదేళ్ళకి ప్రేమదాసు పోయాడు. దినం భోజనాలు కాకముందే వరప్రసాదరావు కంబళి జగ్గయ్యపేటకి పట్టుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశాడు. అప్పటి నుంచి అది పసిపిల్లల కోసం తప్ప బయటికి రాలేదు, వచ్చినా చుట్టూ పదిమంది ఉండేవాళ్ళు. ఇన్నాళ్ళకి దాని అంచు పురుగు కొట్టింది. ఇన్నాళ్ళకి ఒక్క రోజు ఆమె చేతికి వచ్చింది. రేపు అద్దంలో పెట్టి సీలు వేస్తే ఇక ఎవరి చేతికీ రాదు.

ఉతికితే ఏమవుతుందో కూడా ఆమెకి తెలుసు. అన్న మళ్ళీ గుమ్మం తొక్కనివ్వడు. బాబుని చేతికివ్వడు. కారణం చెప్పి బతిమాలుకుందామా అంటే చెప్పడానికి లేదు. ఇస్త్రీ చీర గుర్తొచ్చి కాసేపు మిషను ముందు ఊరికే కూర్చుంది. తర్వాత దారం ఎక్కించి, నాలుగు వైపులా అంచు మడిచి కుట్టింది. ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసి, సంచి చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది.

ఊరి చివర కాలనీలో రెండు గదుల ఇల్లు ఆమెది. భర్త థామస్ లారీ డ్రైవరు. పన్నెండేళ్ళ కింద లివరు చెడి, మూడు నెలలు మంచం మీద ఉండి పోయాడు. ఆ మూడు నెలలూ ఆస్పత్రి గుడ్డలు ఉతికి వచ్చి ఇంట్లో అవే ఉతికింది. కూతురు కృపాజ్యోతి ఖమ్మంలో టీచరు, ఆదివారం ఫోను చేస్తుంది. పెరట్లో చాకిరేవు బండంత రాయి, కుళాయి, ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు. టబ్బు అడుగున ఎర్రమందారం బొమ్మ అచ్చువేసి ఉంటుంది. అది తప్ప ఆ పెరట్లో పువ్వు లేదు.

కుంకుడుకాయలు రాత్రే నానబెట్టింది. అంటే నిర్ణయం మిషను ముందు జరగలేదు, నిన్ననే జరిగిపోయింది. తనకి మాత్రం ఇప్పుడు తెలిసింది. ఉన్నిని బండకేసి బాదకూడదు, మెలిపెట్టి పిండకూడదు. గోరువెచ్చని నీళ్ళలో రసం కలిపి, కంబళిని మెల్లిగా దింపి, రెండు అరచేతులతో అదిమింది.

మొదటి నీళ్ళు కషాయంలా దిగాయి. టబ్బు అడుగున మందారం మాయమైపోయింది. కంపు పెరడంతా పట్టింది. పక్కింటి పిట్టగోడ మీద కూర్చున్న కాకి కూడా లేచిపోయింది. పదిహేడుమంది పిల్లలు, వాళ్ళని ఎత్తుకున్న చేతులు, అన్న మూతి, చర్చిలో పెద్దల కళ్ళనీళ్ళు, మైళ్ళు, సెల్యూట్లు, అన్నీ ఆ నీళ్ళలోనే ఉన్నట్టనిపించింది ఆమెకి. ఛీ అని టబ్బు వంచి పారబోసింది. రెండో నీళ్ళు చిక్కటి టీలా వచ్చాయి. అవీ పారబోసింది. ఎడమ చెయ్యి ఇప్పుడు చిటికెనవేలి దాకా గుంజుతోంది.

మూడో నీళ్ళలో మరక దగ్గరికి వచ్చింది. దాన్ని చన్నీళ్ళ ధార కింద పెట్టి, పాత బ్రష్షుతో కాదు, వేళ్ళ కొసలతో అంచు నుంచి లోపలికి తోసింది. లోపల ఎక్కడో ఎండి ఇంకిపోయినది నీళ్ళు తగలగానే మళ్ళీ మెత్తబడింది. సన్నగా వాసన వచ్చింది. ఎనభై ఏళ్ళయినా అదే వాసన. తన గదిలో రోజూ వచ్చేదే.

"పర్లేదు బాబూ" అంది ఫ్లోరెన్స్. "పర్లేదు. అయిపోవచ్చింది."

ఫోను మోగింది. తడిచేత్తో స్పీకరు నొక్కింది.

"ఏమే, కుట్టావా?" అన్న గొంతు.

"కుట్టా అన్నయ్యా."

"బయల్దేరాం. టోల్‌గేటు దాటాం. ఫ్రేము కూడా కార్లోనే ఉంది, ఒకసారి కొలత చూసుకుందాం. మడిచి రెడీగా పెట్టు."

"అన్నయ్యా."

"ఏంటి?"

"బాబుని కూడా తీసుకురాకపోయావా, ఒకసారి చూద్దును."

అవతల కారు హారను వినిపించింది. "చంటిబిడ్డని నీ ఇంటికా? తెలిసే మాట్లాడుతున్నావా? ఎన్ని ఇన్ఫెక్షన్లు. రేపు చర్చిలో దూరం నుంచి చూద్దువుగాని."

"సర్లే" అంది.

నాలుగో నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా వచ్చాయి. మందారం మసగ్గా కనిపించింది. ఐదోసారి ఉత్త నీళ్ళు పట్టి, ముంచి, అదిమి, నీరు ఓడ్చి, కంబళిని భుజాన వేసుకుంది. తడిసిన కంబళి ఒక మనిషంత బరువుంది. కుళాయి దగ్గర నుంచి తీగ దగ్గరికి ఆరడుగులు ఉంటుంది. మధ్యలో రెండుసార్లు ఆగింది. తీగ మీద వేసి, అంచులు సమంగా లాగి, ముడతలు సరిచేసి, వెదురుకర్రతో తీగ పైకెత్తి నిలబెట్టింది. పెరడు బురదవకుండా టబ్బు ఖాళీ చేసి కంబళి కిందికి జరిపింది.

తర్వాత బండరాయి మీద కూర్చుని గోడకి వీపు ఆన్చింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. ఎండ కంబళి వెనక నుంచి పడుతోంది. బూడిదరంగు అనుకున్నది నిజానికి లేతనీలం. మరక ఉన్నచోట సన్నటి అంచు మిగిలింది. అది పోదు, ఎవరు ఉతికినా పోదు. కానీ మురికి పోయింది. ఇప్పుడు దాన్ని ఎవరైనా ముట్టుకోవచ్చు, ఏ తల్లికైనా పంపవచ్చు. ఛాతీ మీద ఎవరో తడిగుడ్డల మూట పెట్టినట్టుంది. సౌభాగ్యమ్మకి ఫోను చేద్దామా అనుకుంది. ఫోను కుళాయి గట్టు మీద ఉంది. కాసేపయ్యాక లేద్దాంలే అనుకుని, నాని తెల్లబడిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, తల గోడకి వాల్చింది.

నాలుగున్నరకి కారు వచ్చింది. వెస్లీ ఫోను ముందుకి పట్టుకుని వీడియో తీస్తూ దిగాడు. వెనక వరప్రసాదరావు "ఫ్లోరీ" అని పిలుస్తూ ఇంట్లోంచి పెరట్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. తీగ మీద కంబళి చూశాడు. దగ్గరికి వెళ్ళి, మరక కోసం అటూ ఇటూ తిప్పి వెతికాడు.

"కడిగేసావా?" అన్నాడు. "ఎనభై ఏళ్ళ నెత్తురే అది. నాన్న మోసుకొచ్చిన నెత్తురు. ఎంత పని చేసావే. నీకేం తెలుసు దాని విలువ? దొడ్డిగుడ్డ అనుకున్నావా?"

చెల్లెలు పలకలేదు.

"నిన్నే. నోరు పడిపోయిందా?"

వెస్లీ ఫోను దించాడు. వెళ్ళి మేనత్త ముందు గొంతుక్కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. కాసేపు పట్టుకుని, మెల్లిగా మళ్ళీ ఒళ్ళో పెట్టేశాడు.

"నాన్నా" అన్నాడు. "అత్తకి వినపడదు."

వరప్రసాదరావు రెండడుగులు ముందుకి వేసి ఆగాడు. అలవాటు కొద్దీ జేబురుమాలు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క క్షణం అలా ఉండి, తీసి చూసుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పెరట్లో కుంకుడుకాయల వాసన తప్ప ఏ వాసనా లేదు. వెస్లీ అంబులెన్సుకి ఫోను చేస్తున్నాడు. పక్కింటివాళ్ళు పిట్టగోడ మీద నుంచి తొంగిచూసి, ఒక్కొక్కరే లోపలికి వచ్చారు. ఎవరో దుప్పటి అడిగారు. ఇంకెవరో ఇంట్లోకి వెళ్ళి, మంచం మీద మడిచి ఉన్న ఇస్త్రీ చీర తెచ్చి ఆమె మీద కప్పారు. వరప్రసాదరావు మాత్రం ఎటు చూడాలో తెలియక నేలకేసి చూస్తూ నిలబడిపోయాడు.

తీగ మీద కంబళి అంచు నుంచి ఇంకా ఒక్కొక్క చుక్కే టబ్బులో పడుతోంది. అడుగున ఎర్రమందారం రేకలు ఎన్నో లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి నీళ్ళు.